గోడలక్క గీసిన ఊరు

ఆ రోజు మధ్యాహ్నం రబ్బరు స్టాంపుల దుకాణంలోకి ఒక లిఫ్టు మెకానిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబు మీద లిఫ్టు కంపెనీ పేరు కుట్టి ఉంది. గోళ్ళ అంచుల్లో గ్రీజు ఇంకిపోయి ఉంది. కౌంటరు వెనక కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏం స్టాంపు కావాలి?" అని అడిగింది.

అతను ఒక చీటీ ఇచ్చాడు. దాని మీద రెండే మాటలున్నాయి: తాళాల ఊరు.

ఆవిడ ఆ చీటీని తిప్పి చూసింది, మళ్ళీ ఇటు తిప్పింది. "దుకాణం పేరా?"

"కాదండీ. ఆట పేరు. కంప్యూటర్లో ఆడేది. ముప్ఫై ఏళ్ళ కిందటిది." అతను గొంతు తగ్గించాడు. "గోడలక్క అంటే మీరే కదండీ?"

ఆ పేరుతో ఆవిడను ఎవరూ పిలవక ఇరవై ఆరేళ్ళయింది.

"మీ పాత కంపెనీలో సంగీతం కట్టినాయన ఉండే భవనంలో లిఫ్టు నేనే చూస్తానండీ. మీరిక్కడ పని చేస్తున్నారని ఆయనే చెప్పాడు. స్టాంపు వద్దులెండి, అది వంక. మిమ్మల్ని ఒక్కసారి చూసి పోదామని వచ్చాను."

"చూశావుగా. గోడలాగే ఉన్నాను" అంది ఆవిడ.

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతోనే మొదలైంది అంతా.

ఆ కంపెనీ చెప్పుల దుకాణం మీద రెండు గదుల్లో ఉండేది. పనిచేసేవాళ్ళు ఎనిమిది మంది. మనుషుల బొమ్మలు వేరేవాళ్ళు గీసేవాళ్ళు. ఆ మనుషులు నిలబడే చోట్లన్నీ ఈమె గీసేది. గోడలు, తలుపులు, మెట్లు, వంటిళ్ళు, వానగొట్టాలు. అందుకని అందరూ గోడలక్క అనేవాళ్ళు. ఆట చివర వచ్చే పేర్ల పట్టికలో కూడా అదే వేశారు. నెల జీతానికి చేరినప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక్కడ గీసిందంతా కంపెనీదే అని దాంట్లో ఉంది. అప్పుడామెకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఉద్యోగం దొరికిన సంతోషంలో అలాంటి కాగితం చివరిదాకా ఎవరు చదువుతారు?

తాళాల ఊరు కథ చిన్నదే. తాళాలు బాగుచేసే ఒక అమ్మాయి తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక ఊరికి వస్తుంది. ఊళ్ళో ఏ తలుపు చూసినా తాళమే. ఆడేవాళ్ళు వస్తువులు ఏరుకుని, మనుషుల్ని మాటల్లోకి దించి, చిక్కుముడులు విప్పి ఒక్కో తలుపూ తీసుకుంటూ పోవాలి. రెండో భాగం చివర ఆ పిల్ల ఆఖరి తలుపు ముందు నిలబడుతుంది. లోపల్నించి తమ్ముడి దగ్గు వినిపిస్తుంది. ఆట అక్కడితో ఆగింది. మూడో భాగం పనిలో ఉండగానే కంపెనీ మూతపడింది. ఆట హక్కులు ఒకళ్ళు కొన్నారు, వాళ్ళ దగ్గర ఇంకొకళ్ళు, వాళ్ళ దగ్గర మరొక పెద్ద కంపెనీ. ఎవరూ ఆ తలుపు తీయలేదు.

మూసిన రోజు ఓనరు, "ఎవరి సామాను వాళ్ళు తీసుకుపోండి" అన్నాడు. గోడలక్క తన సొరుగులోంచి మూడో భాగానికి గీసిన నలభై ఒక్క కాగితాలు అట్టల మధ్య పెట్టి ఇంటికి తెచ్చుకుంది. ఆ బొమ్మలు కూడా తీసుకుపొమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

మెకానిక్ ఆ మరుసటి ఆదివారం ఆమెను ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పే టీచరుది ఆ ఇల్లు. భోజనాల బల్ల మీద మూడు కంప్యూటర్లు, నేల నిండా తీగలు. మొత్తం ఆరుగురు. చిన్నప్పుడు ఆ ఆట ఆడి, ఆ మూసిన తలుపును మరిచిపోలేకపోయినవాళ్ళు. ఆరేళ్ళుగా ఆదివారాలన్నీ ధారపోసి మూడో భాగం తామే తయారు చేసుకుంటున్నారు. మెకానిక్ ఆటను నడిపించే ప్రోగ్రాము రాస్తాడు, టీచరు మాటలు రాస్తుంది.

"అమ్మడానికి కాదక్కా" అన్నాడు మెకానిక్. ఆ గుమ్మం దాటేసరికే అతనికి ఆమె అక్క అయిపోయింది. "ఊరికే ఇచ్చేస్తాం. ఎవరికి కావాలంటే వాళ్ళు ఆడుకుంటారు. ఆ పిల్లోడు పాపం, లోపల అట్లా దగ్గుతూనే ఉన్నాడు."

"కంపెనీ వాళ్ళు ఊరుకుంటారా నాయనా?"

"మాలాంటి గుంపులు ఏడెనిమిదున్నాయి. ఇంతవరకూ ఒక్కళ్ళనీ ఏమనలేదు. అసలీ ఆట తమదేనని వాళ్ళకి గుర్తుందో లేదో!"

వాళ్ళు చేసినదాన్ని తెర మీద చూపించారు. గోడలక్క బల్ల మీదికి వంగి చూసింది. కాసేపటికి ఆగలేకపోయింది.

"ఇదేంటమ్మా, ఈ తలుపు గోడలోకి తెరుచుకుంటోంది? ఈ మెట్లు ఎక్కితే ఆ పిల్ల తల కప్పుకి కొట్టుకుంటుంది."

"మాకు గోడలు రావక్కా" అంది టీచరు. "అందుకే అనుమానం వచ్చిన చోటల్లా చీకటి పెట్టేశాం."

అందరూ పగలబడి నవ్వారు. ఇంటికి వచ్చేదాకా గోడలక్క పెదాల మీద ఆ నవ్వు అలాగే ఉంది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలితో కలిసి ఉంటోంది. చెల్లెలు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని, వదులైన బట్టలు బిగించి, బిగుతైనవి వదులు చేసి ఇస్తుంటుంది. ఆ సాయంత్రం మంచం కింద అట్టలు బయటికి లాగి, అక్కాచెల్లెళ్ళు కాగితాలన్నీ నేల మీద పరిచారు. ఆ కాగితాల్లో ఉన్నది తాళాల ఊరే, కానీ అది వాళ్ళు పుట్టి పెరిగిన వీధి కూడా. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వీధి మొత్తం కొట్టేశారు. అప్పట్లో ఇళ్ళకు ఫోటోలు తీసే స్తోమత ఎవరికుంది? గోడలక్క తనకు గుర్తున్నదంతా ఆటలోకి ఎక్కించింది. మూడో భాగంలో ఆఖరి తలుపు వెనక ఉండేది వాళ్ళమ్మ వంటిల్లే.

"ఇదిగో, పొయ్యి మీది కిటికీ" అంది చెల్లెలు వేలితో చూపిస్తూ. "మనం బడి నుంచి వస్తే అమ్మ తాళంచెవి గుడ్డలో చుట్టి ఇందులోంచే కిందకి విసిరేది. ఒకసారి నా నెత్తిన పడింది, గుర్తుందా?"

"నీ నెత్తిన కాదు, నా నెత్తిన."

"పోనీలే, నీ నెత్తే." చెల్లెలు కాగితం కింద పెట్టింది. "ఇవి వాళ్ళకిస్తావా?"

"ఇద్దామనే."

"ఇస్తే ఇవ్వు. అడిగి ఇవ్వు."

"ఎవర్నడగను? ఆ కంపెనీ లేదు, ఆ ఓనరూ లేడు."

"కొన్నవాడుంటాడు కదా."

"వాడికి ఇవి ఉన్నాయనే తెలీదే."

"తెలియనంతవరకే అక్కా, ఏదైనా."

గోడలక్క విననట్టు కాగితాలు సర్దుకుంది.

తరవాతి ఏడాదిన్నర ఆమె జీవితంలోకెల్లా మంచి కాలం. వారమంతా స్టాంపుల మీద తిరగేసిన అక్షరాలు సరిచూసేది. 'అసలు', 'నకలు', 'రద్దు', 'ముట్టింది'. ఆదివారం వస్తే టీచరు ఇంట్లో కిటికీ పక్క కుర్చీ ఆమెది. తన బొమ్మల్ని కంప్యూటరులోకి ఎక్కించి, దానికి తగిలించిన పలక మీద ప్లాస్టిక్ పెన్నుతో రంగులు దిద్దేది. కళ్ళు మండి నీళ్ళు కారేవి. తుడుచుకుని మళ్ళీ దిద్దేది. చీకటి పెట్టిన చోటల్లా ఇప్పుడు గోడ లేచింది, గోడకు కిటికీ వచ్చింది, కిటికీలోంచి ఎండ పడింది. అక్కా, అక్కా అంటూ ఆరుగురూ ఆమె చుట్టూ తిరిగేవాళ్ళు. వయసు మీద పడ్డాక ఇంతమంది తన కోసం ఎదురుచూస్తారని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మూడో భాగంలో సగం పూర్తయింది. ముందు ఆ సగాన్ని అందరికీ ఇద్దామని నిర్ణయించారు. దాంతో పాటు పెట్టే నాలుగు మాటలు మెకానిక్ రాసి గోడలక్కకు చదివి వినిపించాడు.

"పాత బొమ్మల ఆధారంగా గోడలక్క సాయంతో తయారైనది. బావుందా అక్కా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "పాత బొమ్మలంటే ఎవరికి తెలుస్తుంది నాయనా? నలభై ఒకటి అని రాయి. కంపెనీ మూసిన రోజు నేను తెచ్చుకుని, ఇన్నాళ్ళూ దాచుకున్నవని రాయి. ఇరవై ఆరేళ్ళు మంచం కింద పెట్టుకున్నాను, ఊరికే పోతుందా?"

"రాస్తానక్కా" అన్నాడతను సంతోషంగా. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు.

నాలుగు రోజుల్లో పదకొండు వేల మంది ఆ ఆటను దించుకున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో ఉత్తరాలు రాశారు. చిన్నప్పుడు అన్నతో కలిసి ఆడానని, ఇప్పుడు అన్న లేడని ఒకావిడ రాసింది. టీచరు అవన్నీ పైకి చదువుతుంటే గోడలక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

తొమ్మిదో రోజున, ఆట హక్కులున్న పెద్ద కంపెనీ నుంచి నోటీసులు వచ్చాయి. మూడు. మెకానిక్‌కి ఒకటి, టీచరుకి ఒకటి, గోడలక్కకి ఒకటి.

టీచరు తమ్ముడు లాయరు. ఫీజు లేకుండా చూస్తానన్నాడు. ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టి నోటీసు రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు.

"మామూలుగా అభిమానులు చేసుకునే ఆటల్ని వీళ్ళు పట్టించుకోరు. మహా అయితే ఆపేయండని ఒక ఉత్తరం రాస్తారు. మిగతా గుంపులకి అదీ రాయలేదు."

"మరి మాకెందుకు?" అన్నాడు మెకానిక్.

లాయరు నోటీసులో గీత గీసిన చోటు చూపించాడు. "ఈ వాక్యం ఎవరు రాశారు? కంపెనీ మూసిన రోజు తెచ్చుకుని దాచుకున్న నలభై ఒక్క బొమ్మలు... ఇది ఆటకి నకలు తీయడం కాదు. కంపెనీ సొత్తు బయటికి తెచ్చామని మీరే పదకొండు వేల మందికి చెప్పారు. దీన్ని దొంగతనం అంటున్నారు వాళ్ళు. నష్టపరిహారం కాక పోలీసు కేసు కూడా పెడతామంటున్నారు."

మెకానిక్ ఆమె వైపు చూడలేదు. ఆ వాక్యం ఎవరు చెబితే రాశాడో కూడా చెప్పలేదు.

"నేనే రాయమన్నాను" అంది ఆమె.

"ఎవరు రాయమన్నా ఒకటేనమ్మా ఇప్పుడు" అన్నాడు లాయరు.

మెకానిక్ పనిచేసేది బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, సర్కారు ఆఫీసుల్లో. పోలీసు కేసు ఉన్నవాణ్ణి ఆ గడపలు తొక్కనివ్వరు. టీచరు సంగతీ అంతే, పిల్లల బడి. ఇది తెలిశాక గోడలక్కకు తిండి సహించలేదు. "నువ్వు చెప్పావే, అడిగి ఇవ్వమని" అంది చెల్లెలితో. చెల్లెలు మిషను ఆపి, "ఇప్పుడవన్నీ ఎందుకక్కా" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

రెండు వారాల తరవాత కంపెనీ ఆఫీసుకు పిలిచారు. గాజు గోడల గది, పొడుగాటి బల్ల, మూత తీయని నీళ్ళ సీసాలు. కంపెనీ తరఫు లాయరు మర్యాదస్తుడు. ఆమెకు తనే కుర్చీ లాగి వేశాడు. షరతులు ఒక్కొక్కటే చదివాడు. ఆట తీసేయాలి. తయారైనదంతా, ఇంకా తయారవుతున్నదంతా, కంపెనీ మనిషి ఎదురుగా చెరిపేయాలి. నలభై ఒక్క కాగితాలూ అప్పగించాలి. తాళాల ఊరిని గానీ, అందులో ఏ భాగాన్ని గానీ ఇకమీదట గీయనని గోడలక్క రాసివ్వాలి. ఇవన్నీ జరిగితే ఎవరి మీదా కేసు ఉండదు.

"ఏ భాగాన్ని గానీ అంటే?" అని అడిగింది ఆమె.

"ఏదైనా అమ్మా. వీధి, ఇళ్ళు, గదులు."

"ఆ వంటిల్లు మా అమ్మది బాబూ. అది నేను ఊహించి గీసింది కాదు. ఆ వీధిలో మేం ఉన్నాం."

అతను కాగితాల మీద నుంచి తల ఎత్తాడు. అతని ముఖంలో కోపం లేదు, వేళాకోళం లేదు.

"అయ్యుండొచ్చమ్మా. మీరన్నది అబద్ధమని నేననను. కానీ ఆ బొమ్మ మీరు మొదట గీసింది జీతానికి, కంపెనీ బల్ల మీద. వంటిల్లు మీ అమ్మగారిది కావచ్చు, బొమ్మ కంపెనీది."

"మీరు మూడో భాగం తీస్తారా మరి?"

"ప్రస్తుతానికి ఆ ఆలోచన లేదు."

"మరి ఈ కాగితాలు ఏం చేసుకుంటారు?"

"గోదాములో పెడతారు. జాగ్రత్తగానే ఉంటాయి."

టీచరు తమ్ముడు ఆమె చెవిలో, "పోట్లాడొచ్చు పిన్నిగారూ, కానీ ఏళ్ళు పడుతుంది. ఈలోగా వీళ్ళిద్దరి ఉద్యోగాలు..." అన్నాడు. గోడలక్క పెన్ను తీసుకుంది. నాలుగు చోట్ల సంతకం పెట్టింది. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి మరీ పెట్టింది. అట్టలు ఒక గుమాస్తా వచ్చి ఎత్తుకుపోయాడు. నలభై ఒకటీ లెక్క సరిపోయిందని ఆమెకు రసీదు ఇచ్చాడు.

చెరిపేసే పని ఆదివారం ఉదయం టీచరు ఇంట్లోనే జరిగింది. కంపెనీ మనిషి సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. గోడలక్క తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. అనకూడదని కాదు, ఎవరికీ తోచలేదంతే.

మధ్యలో పని మిగిలున్నా, ఆ గుంపు ఆఖరి ఘట్టం ముందే తయారు చేసేసింది. పిల్ల తలుపు తీస్తుంది, వంటింట్లో తమ్ముడు ఉంటాడు. అది బయటివాళ్ళెవరూ చూడలేదు. చెరిపే ముందు కంపెనీ మనిషి ఏమనుకున్నాడో, "కావాలంటే ఒకసారి ఆడి చూసుకోండి, నేను ఆగుతాను" అన్నాడు.

మెకానిక్ తెర వైపే చూస్తూ, "వద్దులెండి" అన్నాడు.

చెరపడానికి పట్టింది పావుగంట. ఏడున్నరేళ్ళ ఆదివారాలు. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి నిండింది, అంతే. తరవాత మెకానిక్ విడిగా దాచిన నకళ్ళు కూడా ఒక్కొక్కటే తీసి ఇచ్చాడు. దేన్నీ దాచుకోలేదు. కంపెనీ మనిషి తన జాబితాలో టిక్కులు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

టీచరు నేల మీది తీగలు చుట్టడం మొదలుపెట్టింది. గోడలక్క వంగి ఒక తీగ చివర పట్టుకుంది.

"నన్ను క్షమించండమ్మా" అంది.

టీచరు చుట్టడం ఆపలేదు. "మీరేం చేశారక్కా. మేమే కదా మీ దుకాణం దాకా వచ్చింది." తీగ ముడి విప్పుతూ, తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది. "మీరు రాకముందు మా గోడలు బాగుండేవి కావు. కానీ ఉండేవి."

ఆమె ఆ మాట కావాలని అనలేదు. అన్నాక నాలుక కరుచుకుంది కూడా. కానీ అన్న మాట వెనక్కి పోదు. గోడలక్క చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

ఆ తరవాత ఆదివారాలు ఖాళీ అయిపోయాయి. మిగతా గుంపులు భయపడి తమ ఆటల్ని తామే తీసేశాయని ఎవరో చెప్పగా విన్నది. ఒకసారి చెల్లెలు బట్ట కత్తిరిస్తూ, "అక్కా, అమ్మ వంటింట్లో గిన్నెల గూడు కిటికీకి కుడి పక్కనా, ఎడమ పక్కనా?" అని అడిగింది.

"ఎడమ పక్క."

"కుడి అనుకుంటానే."

గోడలక్క చేయి అలవాటుగా బల్ల మీది పెన్సిలు మీదికి పోయింది. మరుక్షణం వెనక్కి తీసుకుంది. చూసేవాడెవడూ లేడు ఆ ఇంట్లో. గీసినా ఎవరికీ తెలియదు. కానీ తను గీస్తే మళ్ళీ ఎవరి మెడకు చుట్టుకుంటుందోనన్న భయం ఆమె వేళ్ళలోకి దిగిపోయింది. "ఏమో, కుడేనేమో" అంది. చెల్లెలు ఆ ప్రస్తావన మళ్ళీ తేలేదు. నెల తిరిగేసరికి ఏ పక్కో ఆమెకు నిజంగానే తెలియకుండా పోయింది. కళ్ళు మూసుకుంటే గూడు ఒకసారి అటు, ఒకసారి ఇటు కనిపించేది.

మెకానిక్‌కు రెండుసార్లు ఫోను చేసింది. మొదటిసారి పనిలో ఉన్నానన్నాడు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారి చేయడానికి ఆమెకే మొహం చెల్లలేదు.

నాలుగు నెలల తరవాత కళ్ళు మరీ మసకబారడంతో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆ క్లినిక్ మూడో అంతస్తులో ఉంది. కింద లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, అడ్డంగా పసుపు పచ్చ బోర్డు పెట్టారు. లోపల మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తున్న మనిషి అడుగుల చప్పుడుకు తల తిప్పాడు. అతనే.

జుట్టు బాగా నెరిసింది. బాగున్నావా నాయనా అని అడగడానికి ఏ హక్కు మిగిలింది?

అతను లేచి నిలబడి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఇంకో అరగంట పడుతుందండీ" అన్నాడు. "మెట్లెక్కగలరా?"

దుకాణంలో మొదటిరోజు మాట్లాడినంత మర్యాదగా మాట్లాడాడు. కోపంగా ఉన్నా తట్టుకునేదేమో. అతని గొంతులో కోపం లేదు, ఇంకేమీ కూడా లేదు.

"ఎక్కుతాను" అంది ఆమె.

అతను తలూపి మళ్ళీ పనిలోకి వంగాడు. ఆమె కమ్మీ పట్టుకుని ఎక్కసాగింది. రెండో అంతస్తు మలుపులో ఊపిరి అందక ఆగింది. కింద అతను ఎవరితోనో ఫోనులో, సాయంత్రానికి ఇంకో రెండు చోట్లకు వెళ్ళాలని చెబుతున్నాడు. మాటలు కాసేపు వినిపించి ఆగిపోయాయి. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మిగిలిన మెట్ల మీదికి కాలు వేసింది.